నీటి ఎలుగుబంటి లేచిన రోజు

నేను ఒక సూక్ష్మదర్శినిని. అంబాలాలోని ఓ చిన్న కార్ఖానాలో పుట్టాను. మొదట చేరిన కాలేజీలో పన్నెండేళ్లు ఉల్లిపొర తప్ప మరొకటి చూపించే భాగ్యం కలగలేదు. వాళ్లు పాత సామాను తీసేస్తుంటే శాస్త్రవేత్త డాక్టర్ కనీజ్ ఫాతిమా నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సులో హైదరాబాదులోని తన ల్యాబుకు తెచ్చుకున్నారు.

రావులపాలెం నుంచి వచ్చిన తబిత అక్కడే నాకు పరిచయమైంది. పీహెచ్‌డీలో చేరినవాళ్లు రెండు ల్యాబుల్లో నెలేసి పనిచేసి, ఒకటి ఎంచుకోవాలి. తరవాత ఐదేళ్లూ అక్కడే. మొదటి నెల ఆమె పై అంతస్తులో పేరుమోసిన ప్రొఫెసరుగారి దగ్గర గడిపింది. ముప్ఫైమంది విద్యార్థులు, గదినిండా విదేశీ యంత్రాలు. ఆయన నెల పొడుగునా ఆమెను "సవితా" అనే పిలిచారట. అయినా అందరూ అక్కడికే పొమ్మన్నారు. పెద్దపేరు కదా!

రెండో నెల మా ల్యాబుకు వచ్చింది. మూడోవారం తబిత నాచు ఉన్న గిన్నెకు మూత పెట్టడం మరిచిపోయింది. అందులో నీటి ఎలుగుబంట్లు ఉన్నాయి. ఎనిమిది కాళ్ల బొద్దు జీవులు, ఇసుకరేణువంత. మర్నాటికి అంతా ఎండిపోయింది.

"నేనేనండి మేడమ్, మర్చిపోయింది. అన్నీ చచ్చిపోయాయండి," అంటూ ఏడ్చేసింది.

"ఏడుస్తవెందుకు? నీళ్లు పొయ్యి, చూద్దాం," అన్నారు ఫాతిమా.

తబిత నీళ్లు పోసి, గిన్నెను నా కింద పెట్టి, నా మీదికి వంగింది. ఒక గంట గడిచింది. ముడుచుకున్న గింజలాంటిది ఉబ్బింది. ఒక కాలు బయటికొచ్చింది. తరవాత ఇంకొకటి. ఈ జీవులు ఎండితే చావవు, ముడుచుకుని నీళ్లకోసం ఎదురుచూస్తాయి.

"మేడమ్! లేచిందండీ! నడుస్తుందండీ బాబూ!"

ఆమె గెంతిన గెంతుకు నా అద్దాలు గలగలలాడాయి. ఆ ఊపులోనే అడిగేసింది: "నేను మీ దగ్గరే చేరతానండి!"

"గంత తొందరెందుకు? నా దగ్గర చేసినోళ్ల నంబర్లిస్తా. నా గురించి అడుగు. నేను బయటికి పోతా."

తబిత ముగ్గురికి ఫోన్ చేసింది. మూడో ఆమె గొంతు నాకూ వినపడింది. "రాసిందంతా ఎర్రపెన్నుతో కొట్టేస్తారమ్మా. నాలుగుసార్లు ఏడ్చాను. కానీ నా ప్రయోగం చెడిన ప్రతిరోజూ పక్కనే కూర్చున్నారు."

తబిత నా పక్కనే ల్యాబు ఎంపిక ఫారం పెట్టుకుని మా ల్యాబు పేరు రాసి సంతకం చేసి, తిరిగొచ్చిన మేడమ్ చేతికిచ్చి, మెట్లమీద దూకుతూ వెళ్లిపోయింది.

ఫాతిమా గంభీరంగా తల ఊపారు. తలుపు వేశారు. రెండేళ్లుగా ఆవిడ దగ్గర కొత్తగా ఎవరూ చేరలేదు. ఆ యాభైయేళ్ల శాస్త్రవేత్త చున్నీ నడుముకు బిగించి, ఫారం గాలిలో ఊపుతూ గదంతా రెండుసార్లు గిర్రున తిరిగారు.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో విశ్రాంతిగా ఉన్నాను. ఆ నాట్యం చూసింది నేనొక్కదాన్నే. తబితకు మాత్రం చెప్పకండి.