న్యూజీలాండు చదివింపులు

అమృత ఫోన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. అయినా అది లోపలినుంచి గుయ్యిమంటూనే ఉంది.

అత్తగారు కాబోలు. కాకపోతే అమెరికానుంచి చిన్నమామయ్యగారి లాయరు. ఇద్దరూ కాకపోతే కార్లా అనే ఆవిడ, అక్కడి ఊరి పేపరు విలేకరి. ఎవరితో మాట్లాడితే మనసు కుదుటపడుతుందో ఆ మనిషి, భర్త లోకేశ్, ఆఫీసు పని మీద వెల్లింగ్టన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. ఈదురుగాలికి విమానాలు ఆపేశారు.

ఆక్లండ్ ఊళ్లో న్యూ లిన్ స్టేషన్ పక్కన, ఆరో అంతస్తులో ఒకే పడగ్గది ఉన్న ఫ్లాట్ వాళ్లది. కింద పట్టాలు రోడ్డుకంటే లోతున, గోతిలో ఉంటాయి. రైలు ఆ గోతిలోంచే వచ్చి ఆ గోతిలోకే పోతుంది. పెళ్లయిన కొత్తలో అమృతకు ఆ చప్పుడంటే ముద్దు. రైలు ఆగిన కాసేపటికి లిఫ్టు మోగేది, తర్వాత తాళం తిరిగేది, లోకేశ్ లోపలికొచ్చేవాడు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఆనుకుని నిలబడి ఉండడం చూస్తే ఇప్పటికీ పొద్దున్నే ఆమెకు నవ్వొస్తుంది. కానీ ఈ వారం రైలు చప్పుడైతే చాలు, ఎవరో తన కోసమే దిగినట్టు గడియ పెట్టిందో లేదో చూసుకుంటోంది.

ఇదంతా ఒక సోఫాతో మొదలైంది.

వాళ్ల పెళ్లి ఆక్లండ్‌లోనే జరిగింది. లోకేశ్ బాబాయి బాలసుబ్రహ్మణ్యం అమెరికానుంచి కుటుంబంతో దిగి, పెళ్లిపెద్దలా అన్నీ తానై నడిపించాడు. చదివింపుల దగ్గర ఆయన పేరు మైకులో పిలిచినప్పుడు హాలంతా తలలు తిప్పి చూసింది. ఈ ఇంట్లో సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ ఆ చదివింపుల చలవే. ఆయన కూతురు వర్షిత అమెరికాలోనే పుట్టిన పిల్ల. అమృత చీర కుచ్చిళ్లు పట్టుకుని మూడు ముళ్లు పడేదాకా వెనకే తిరిగింది. వదినా, వదినా అంటూ ఒక్క రోజులో సొంత చెల్లెలైపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయన అమెరికాలో తాముండే రాష్ట్ర శాసనసభకు నిలబడ్డాడు. న్యూజీలాండులోనే టౌరంగా ఊళ్లో ఉండే అత్తగారు రమామణి ఫోన్ చేసి, ఇప్పుడు మన వంతు అంది. పెళ్లిలో పుచ్చుకున్నది వాళ్లింటి శుభకార్యానికి ఇంకాస్త కలిపి తిరిగి చదివించాలి కదా. వాళ్లింట్లో ఇప్పట్లో పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. కాబట్టి ఎలక్షనే శుభకార్యం.

విరాళమిచ్చే వెబ్‌సైటులో ఒక గడి దగ్గర అమృత వేలు ఆగింది. నేను అమెరికా పౌరుణ్ని, లేదా అక్కడి శాశ్వత నివాసిని అని ఒప్పుకుంటేగాని అది ముందుకు కదలదు. అదే మాట అత్తగారికి చెప్పింది.

"చదివింపులకి పాస్‌పోర్టు అడుగుతారటమ్మా ఎక్కడైనా?" అంది రమామణి. "వర్షితకి పంపించు. అది వాళ్ల నాన్న ఖాతాలో వేస్తుంది. డబ్బు మనది, చెయ్యి దానిది, అంతే."

అది అంతేనా అని అమృతకు లోపల ఒక సందేహం తొలిచింది. చదువుకున్న పిల్ల. కానీ కొత్త కోడలు. అత్తవారు చెప్పిన మొదటి పనికే వంక పెట్టడం ఎందుకని పంపేసింది. వర్షిత ఆ డబ్బును తన పేరు మీద విరాళంగా వేసింది. అక్కడితో ఎవరూ దాని ఊసెత్తేవాళ్లు కాదు, పాండురంగ అంకుల్ మైకు పట్టుకోకపోతే.

ఆయన అమెరికాలో బాబాయి ఊరి తెలుగువాళ్లలో పెద్దమనిషి. ఏ ఇంట్లో పెళ్లయినా చదివింపులు ఆయన గొంతులోనే వినాలి. బాలసుబ్రహ్మణ్యం విరాళాల విందులో కూడా ఆయనే మైకందుకున్నాడు. అమృత సోఫాలో కాళ్లు ముడుచుకుని, ప్లేటులో ఫీజోవా పండు ముక్కలు పెట్టుకుని, ఆ విందును ఫోన్లో లైవ్ చూస్తోంది. ఇంతలో ఆయన గొంతు సవరించుకుని, చేతికందిన చీటీ చూసి రాగం తీశాడు.

"న్యూజీలాండు నుంచి చిరంజీవి లోకేశ్, చిరంజీవి సౌభాగ్యవతి అమృత దంపతుల చదివింపులు..."

అమృత కెవ్వుమని లేచి సోఫా మీద గెంతింది. దంపతులు. పెళ్లినాటినుంచి తమ రెండు పేర్లు కలిపి మైకులో వినడం అదే మొదలు. లోకేశ్ నవ్వుతూ ఆ గెంతులన్నీ తన ఫోన్లో తీశాడు. వెనక మైకు గొంతు, ముందు తన ఎర్ర కుర్తా, పడిపోయిన ఫీజోవా ముక్కలు, అంతా కలిపి అమృత ఒక గుండె బొమ్మ అంటించి ఫేస్‌బుక్కులో పెట్టింది.

అక్కడి విలేకరి కార్లాకు ఆ వీడియో ఎవరు పంపారో తెలియదు. ఆమె ఒక తెలుగాయన్ని కూర్చోబెట్టుకుని అర్థం చెప్పించుకుంది. విరాళాల లెక్కలో న్యూజీలాండు పేరు ఎక్కడా లేకపోవడం గమనించింది. ఎలక్షన్లో చట్టం ఒప్పుకోని విదేశీ సొమ్ము అని పేపర్లో వచ్చింది. సాయంత్రానికి టీవీవాళ్లు న్యూజీలాండు పటం వేసి, దానినుంచి అమెరికాకు ఒక బాణం గీశారు. లాయరు ఫోన్ చేసి వీడియో వెంటనే తీసెయ్యమన్నాడు. భయపడి అమృత తన పేజీలోంచీ, ఫోన్లోంచీ, లోకేశ్ ఫోన్లోంచీ కూడా తీసేసింది. మర్నాడు అదే కొత్త వార్త. వీడియో మాయం.

ఆ వెనకే ప్రచార ప్రకటన వచ్చింది. ఎదుటి అభ్యర్థి ఇచ్చింది కాదు. మంచి పొరుగువాళ్లు అని ఏదో తియ్యటి పేరున్న కమిటీ ఇచ్చింది. అమృత గెంతును నెమ్మదిగా సాగదీసి, ఎర్ర కుర్తాను నల్లగా చేసి, కింద గుబులు సంగీతం పెట్టారు. ఆమె కేక మాత్రం అలాగే ఉంచారు. అక్కడ వంటల కార్యక్రమం మధ్యలో, వాతావరణం ముందు, బేస్‌బాల్ ఆట తర్వాత అదే పడుతోందని వర్షిత చెప్పింది. టీవీలో అంతసేపు చోటు కొనాలంటే వాళ్ల నాన్న మొత్తం విరాళాలు కూడా చాలవట. మరి ఆ కమిటీకి డబ్బెవరిస్తున్నారు అని అమృత అడిగింది. అది చెప్పక్కర్లేదట. చట్టమే అంత.

ఇక్కడ ఆఫీసులో ఒకమ్మాయి ఆ ప్రకటన ఫోన్లో చూసి, నువ్వేనా అని అడిగింది. అమృత ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది. పాలకని వీధి మలుపులో డెయిరీ అనే చిల్లర కొట్టుకి వెళితే కౌంటరు దగ్గర గుజరాతీ అంకుల్ కూడా, అమెరికాలో పెద్దదానివైపోయావట కదమ్మా అన్నాడు. పాలు తీసుకోకుండానే వెనక్కొచ్చి తలుపు గడియ పెట్టుకుంది. అప్పటినుంచి బ్లాక్ టీయే.

బియ్యం డబ్బా మళ్లీ మోగింది. ఈసారి అమృత మూత తీసింది. వర్షిత.

ఆ పిల్ల గొంతు బొంగురుపోయి ఉంది. లా చదువు అయిపోయి, లాయరుగా ప్రమాణం చేయడానికి కొన్ని నెలలే ఉంది. నాన్నగారి లాయరు ఒక మాట తయారుచేశాడట. ఆ డబ్బు వదిన తనకిచ్చిన గృహప్రవేశం కానుక, దాన్ని తన ఇష్టప్రకారం తను విరాళమిచ్చింది, పాండురంగ అంకుల్ పొరపాటుగా చదివాడు. ఇదే మాట ముందు అమృత కార్లాతో జూమ్‌లో చెప్పాలి. ఆ తర్వాత వర్షిత ఎన్నికల అధికారుల విచారణలో ప్రమాణం చేసి చెప్పాలి.

"గృహప్రవేశం ఏంటి? నీకు ఇల్లెక్కడుంది?" అంది అమృత.

"అదే కదా వదినా. నేను రూమ్‌మేట్స్‌తో రెంట్‌కి ఉంటున్నా. బర్త్‌డే అందామంటే అది కూడా కాదు."

"అయితే వాళ్లు ముందు నీకో ఇల్లు కట్టాలి."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. వర్షిత నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. నువ్వేం చెప్తే నేనూ అదే చెప్పాలి వదినా, ఇంక నాకు వేరే దారి లేదు అంది.

తర్వాత అత్తగారు. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అమృతకు. మీ మామగారికి రాత్రి నిద్ర లేదు, మా మరిది మనకోసం సముద్రాలు దాటి వచ్చాడు, ఒక్క మాట సాయం చేయలేమా అని మెల్లగా అడిగింది. అమృత వెనక్కి వాలింది. కూర్చున్న సోఫా మెత్తగా లోపలికి దిగిపోయింది. ఎక్కడ కూర్చున్నా ఆయన ఇచ్చిందే. నీళ్లు తాగుదామని లేస్తే అదీ ఆయన ఫ్రిజ్జే.

లోకేశ్ వెల్లింగ్టన్ రేవు పక్కన ఎక్కడో నిలబడి ఫోన్ చేశాడు. మాటకంటే గాలే ఎక్కువ వినబడింది. నిజం చెప్తే వర్షిత ఏమవుతుందో, అబద్ధం చెప్తే నువ్వేమవుతావో తెలియడం లేదన్నాడు.

"బాబాయి మనకి సోఫా కొనిచ్చాడు అమ్మూ. మన నోరు కొనుక్కోలేదు. నువ్వేం చెప్పినా నేనూ అదే చెప్తా."

ఫోన్ తెగిపోయింది. ప్రేమతోనే అన్నాడు. కానీ అమృతకు గది ఇంకాస్త ఇరుకైనట్టయింది. అందరూ తన మాటనే పట్టుకుని వేలాడుతున్నారు. తను పట్టుకోవడానికి మాత్రం ఎవరి మాటా లేదు.

జూమ్ కాల్ మర్నాడు పొద్దున పెట్టారు. తెర మీద కార్లా కనిపించింది. టీవీలో బాణం గీసినవాళ్లలా ఉంటుందనుకుంది అమృత. తీరా చూస్తే నెరిసిన జుట్టు, అలసిన కళ్లు, చేతిలో అంచు విరిగిన కప్పు. మీరు ఎక్కడ కూర్చుని మాట్లాడితే హాయిగా ఉంటుందో అక్కడే కూర్చోండి అంది. అమృత సోఫా మీంచి లేచి నేల మీద కూర్చుంది.

ఆ డబ్బు వర్షితకు కానుకగా ఇచ్చారా అని కార్లా అడిగింది.

అవును అనడం తేలిక. నాలుక చివరిదాకా వచ్చింది. అవును అంటే ఎక్కడో ఒక గది ముందు వర్షిత చేయెత్తి నిలబడి, లేని ఇంటికి గృహప్రవేశం జరిగిందని ప్రమాణం చేస్తుంది. ఆ ఇంటికి ఎన్ని గదులని ఎవరో అడుగుతారు. తన కుచ్చిళ్లు పట్టుకుని తిరిగిన పిల్ల ఆ గదులన్నీ ఒక్కొక్కటిగా కట్టుకుంటూ పోవాలి. ఒకసారి కట్టాక అందులోంచి బయటికి తలుపుండదు.

"కాదు," అంది అమృత. "డబ్బు మాది. చిన్నమామయ్యగారి ఎలక్షన్‌కే పంపాం. గడి దగ్గర నేను ఆగాను, నాకు తెలుసు. వర్షితని వేయమని అడిగింది మేమే. తప్పు మాతో మొదలైంది."

ఆ తర్వాత చదివింపులంటే ఏమిటో చాలాసేపు చెప్పింది. ఇచ్చినవాళ్ల పేరు పదిమందిలో పైకి చదవడమే మర్యాదనీ, దాచాలని ఎవరికీ తోచనే లేదనీ చెప్పింది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది. మా కాస్త డబ్బు మీద ఇన్ని వార్తలు రాశారు, ఆ కమిటీ అంత డబ్బు మీద ఒక్కటీ ఎందుకు రాయలేదని.

కార్లా కప్పు కింద పెట్టింది. "మీ వీడియోలో ఒక మనిషి ఉంది, పేరుంది, గెంతు ఉంది. ఆ కమిటీ తలుపు తడితే ఒక పోస్టుపెట్టె ఉంది. పోస్టుపెట్టె ఫొటో వేస్తే ఎవరు చదువుతారు? రాయాలని నాకూ ఉంది. మా పేపర్లో ఇప్పుడు మిగిలింది నేనూ, ఇంకొకతనూ."

ఆమె అబద్ధం చెప్పడం లేదని అమృతకు తెలిసింది. అందుకే కోపగించుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

పేపర్లో చదివింపుల సంగతి చివర్న రెండు వాక్యాలుగా మిగిలింది. పైన పెద్దక్షరాలతో ఉన్నది మాత్రం ఒకటే: డబ్బు మాది. టౌరంగానుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఇంటిల్లిపాదీ ఉండే వాట్సాప్ గ్రూపులోంచి అమృత పేరును ఎవరో తీసేశారు. చిన్నమామయ్యగారు లోకేశ్‌కు ఒక్క మాట రాశారు, సోఫా బాగుందా అని.

వర్షితనుంచి కూడా ఒక మెసేజ్ వచ్చింది. తెలుగులో, అక్షరాలు వెతుక్కుని రాసినట్టుంది. "వదినా, నేనూ అదే చెప్పాను. లైసెన్సు ఇప్పట్లో ఇవ్వరేమో. కానీ ఇల్లు కట్టక్కర్లేదు."

గాలి తగ్గాక లోకేశ్ వచ్చాడు. రైలు ఆగింది, లిఫ్టు మోగింది, తాళం తిరిగింది. దారిలో డెయిరీలో పాలు కొనుక్కొచ్చాడు. ఇద్దరూ నిలబడే టీ తాగారు. తాగాక అతను నెమ్మదిగా, ఆ వీడియో నీ దగ్గరుందా అని అడిగాడు. లేదంది. అన్నిచోట్లా తనే తుడిచేసింది.

మరి ఎక్కడుంది అని అడగబోయి అతనే ఆగిపోయాడు. ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

అమృత ఫోన్లో ఆ ప్రకటన తెరిచింది. దానికిప్పుడు ముందు ఒక కొత్త ముక్క అతికించారు. డబ్బు మాది అన్న అక్షరాలు తెరనిండా పడ్డాయి. వాటి వెనక తను, నల్లబడ్డ కుర్తాలో, తనదికాని నెమ్మదితో పైకి లేస్తోంది. తన సంతోషం ఈ లోకంలో ఇంక ఇక్కడొక్కచోటే మిగిలింది. అది ఎవరి సొత్తో అడుగుదామంటే ఆ కమిటీ వెనక ఒక పేరు కూడా లేదు.

"సౌండు పెట్టు," అన్నాడు లోకేశ్.

గుబులు సంగీతం అడుగున, బాగా చెవి పెడితే, పాండురంగ అంకుల్ గొంతు సన్నగా వినబడుతోంది. దంపతులు అన్న మాట దగ్గర కోసేశారు.

"మళ్లీ పెట్టు," అన్నాడు.

అమృత మళ్లీ పెట్టింది. కింద గోతిలోకి ఒక రైలొచ్చి ఆగింది.