నీళ్ళలో వంగిన చెట్టు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా ఆవిడ నోరు మంచిదని మా వీధిలో ఎవరూ అనరు. పాలవాడు పాలలో నీళ్ళు కలపాలంటే ఆ నోటికే జడుస్తాడు. అలాంటి మనిషికి గొంతు ఆపరేషన్ అయ్యాక ఇల్లు మూగబోయింది. గాయం మానిందనీ, ఇక మాట్లాడొచ్చనీ డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఈవిడ మాత్రం నోరు విప్పదు. ఏం కావాలన్నా గరిటెతో గిన్నె మోగిస్తుంది. ఇలాగే ఊరుకుంటే గొంతు బిగుసుకుపోతుందని డాక్టరమ్మ నన్ను కేకలేసింది. బతిమాలాను, పోట్లాడాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

ఆ ఉదయం కిటికీ పక్కన, సగం వేసిన బొమ్మ ముందు కూర్చున్నాను. ఒక చెరువు, గట్టు మీద కుడివైపుకు ఒరిగిన పెద్ద చెట్టు. బొమ్మలో నీళ్ళు వేయడంలో నాది చెయ్యి తిరిగిన పనే, గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి. చెట్టు రంగుల్నే కాస్త మసకచేసి కిందికి దించి, తడి ఆరకముందే పొడి కుంచెతో అడ్డంగా ఒక్కసారి రాస్తే చాలు, నీళ్ళు కదులుతాయి. కానీ ఆ రోజు నా మనసు కుంచె మీద లేదు. వెనక ఆవిడ బఠానీలు ఒలుస్తోంది. ఆ చప్పుడే వింటూ, చెట్టు గీతను ఉన్నదున్నట్టు తిన్నగా నీళ్ళలోకి లాగేశాను.

గిన్నె మోగింది. నేను వెనక్కి తిరగలేదు. మళ్ళీ మోగింది, ఈసారి గట్టిగా.

"కాఫీయేనా? వస్తున్నా ఉండు," అన్నాను.

"కాఫీ కాదు! బుర్ర ఎక్కడ పెట్టుకుని వేస్తున్నారండీ? గట్టు మీద చెట్టు కుడికి వంగితే, నీళ్ళలోది ఎడమకి వంగుతుందా?"

కుంచె జారి ఒళ్ళో పడింది. ఆ గొంతు బొంగురుగా ఉంది, సగం గాలే. ఎవరో కొత్త మనిషి మాట్లాడినట్టుంది. అది విని ఆవిడే రెండు చేతులతో నోరు మూసుకుంది.

"విన్నారుగా ఎలా ఉందో," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇది వింటే మీరు నామీద జాలిపడతారని మాట్లాడలేదు. మీ జాలి నేను భరించలేనండీ."

"తిట్లు తిని జాలిపడే వెర్రివాణ్ణా నేను?"

నవ్వింది. ఆ నవ్వూ బొంగురే. నాకు ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మకూ, నా చేతి పొరపాటుకూ కలిపి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

తప్పుగా వేసింది గుడ్డతో తుడిచేశాను. ఇప్పుడు ఎటు వంచాలో నాకు బాగా తెలుసు. అయినా ఆవిణ్ణే అడిగాను. ప్రతి కొమ్మకూ అడిగాను.