పిన్ని పళ్ళకి బాబాయి వేసిన తాళం

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ వెనకాల గుసగుసలాడుతున్నవాళ్ళు ముందు నోళ్ళకి తాళాలు వేసుకోండి. వేసుకుని తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి, పక్కవాడి చేతికివ్వకండి. ఎందుకివ్వకూడదో ఇప్పుడు చెప్పబోయేది అదే. ఏమయ్యా పొడుగాయనా, కాస్త కూర్చో, నీ వెనకాల ముగ్గురున్నారు.

మా వీధి చివర తాళాల బాబాయి ఉన్నాడు. నాకు సొంత బాబాయేం కాదు, వీధంతటికీ బాబాయే. తాళాలు బాగుచేస్తాడు, చెవులు కోస్తాడు. అంటే మీ చెవులు కాదులెండి, తాళంచెవులు. ఆయన పనితనం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. జలుబు చేసినప్పుడు ఆయన్ని నగల దుకాణాల వీధిలోకి రానివ్వరు. ఒకసారి రానిచ్చారు. అటుపక్కకి తిరిగి గట్టిగా తుమ్మాడు. ఆ పక్క షట్టర్లన్నీ గరగరమంటూ పైకి లేచాయి. ఇటుపక్కవి లేవలేదు, ఎందుకంటే ఇటు తుమ్మలేదు గనక. అబద్ధమనుకుంటే వెళ్ళి చూడండి, ఆ వీధి మొదట్లో కుర్చీ వేసుకుని ఒక కాపలాదారు కూర్చుంటాడు. ఆయన కాపలా దొంగల మీద కాదు, బాబాయి ముక్కు మీద.

ఇంత గొప్పవాడికీ ఒక పట్టుదల ఉంది. ఏ తాళానికైనా రెండు చెవులుండాలి, ఆ రెండోది ఇంట్లో కాకుండా బయట ఎవరి దగ్గరో ఉండాలి. పాపం ఆయన తప్పేం లేదు. పొద్దున్న లేస్తే గుమ్మం బయట నిలబడి ఏడ్చేవాళ్ళనే చూస్తాడాయె. పొయ్యి మీద పాలు పెట్టి బయటికొచ్చి తలుపు లాగేసుకున్నవాళ్ళు, స్నానం మధ్యలో నీళ్ళాగిపోయాయని తువ్వాలుతో బయటికొచ్చి ఇరుక్కుపోయినవాళ్ళు. వాళ్ళందరికీ ఒకటే చీవాట్లు.

"పక్కింట్లో ఒకటి పడేసుంటే నీ పరువు ఇలా తువ్వాలు మీద ఆధారపడేదా?"

ఇక పిన్ని సంగతి. బాబాయి భార్య. మాటకారి. ఎంత మాటకారి అంటే, మాట్లాడి మాట్లాడి పళ్ళు అరిగిపోయి ఊడిపోయాయని బాబాయి అంటాడు. నీతో వేగలేక పళ్ళు కొరికి కొరికి ఊడాయని పిన్ని అంటుంది. ఎలాగైతేనేం, నోట్లో పళ్ళు లేవు. మెత్తగా ఉడికినవి తప్ప ఏమీ తినలేదు. ఆవిడకి ఒక్కటే కోరిక. ఒక ఆపిల్ పండు పట్టుకుని కరుక్కుమని కొరకాలి, ఆ చప్పుడు ఎదురింటివాళ్ళకి వినపడాలి. అందుకోసం ఒక్కో చీర మానుకుని, ఒక్కో ప్రయాణం మానుకుని కట్టుడు పళ్ళకి డబ్బు పోగేసింది. పళ్ళ డాక్టరు అచ్చు కూడా తీసుకున్నాడు. శనివారం వస్తే పళ్ళు తయారు, డబ్బు కట్టి తీసుకెళ్ళమన్నాడు. ఆ డబ్బంతా ఇద్దరి పేరా ఉన్న బ్యాంకు ఖాతాలో ఉంది. ఖాతా బాబాయి ఫోన్‌లో ఉంది. ఫోన్ బాబాయి జేబులో ఉంది. అదీ చిక్కు.

ఈ మధ్య జనం జేబుల్లో చిల్లర పెట్టుకోవడం మానేశారు కదా. బాబాయి కూడా దుకాణం ముందు ఆ నల్లగళ్ళ బొమ్మ అతికించుకున్నాడు. జనం ఫోన్ దానికి చూపిస్తారు, డబ్బు టంగుమని ఖాతాలో పడుతుంది. అది పెట్టించినప్పుడే బ్యాంకు అమ్మాయి చెప్పింది, "తాతగారూ, ఈ నాలుగంకెల నంబరు మీ ఖాతాకి తాళంచెవి లాంటిది. ఎవరికీ చెప్పకండి" అని.

చూడండి, ఆ పిల్ల తెలియక తాళంచెవి అన్నది. ఇంకేదైనా అనుంటే మా బాబాయి బుద్ధిగా నోరు మూసుకునేవాడు. తాళంచెవి అనగానే ఆయన లోపలున్న పనివాడు నిద్రలేచాడు. బ్యాంకు మెట్లు దిగుతూనే డూప్లికేట్లు పంచడం మొదలుపెట్టాడు. టీ కొట్టాయనకి ఒకటి. పక్కింటి దర్జీ అమ్మాయికి ఒకటి. బావమరిదికి ఒకటి. ప్రతివాడి చెవిలోనూ నంబరు చెప్పడం, "నేను మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యాలి, ఇంకెవరికీ చెప్పకు సుమా" అనడం.

వారం తిరక్కుండా దర్జీ అమ్మాయి గోడ మీంచి తల పెట్టింది.

"పిన్నిగారూ, మీ బ్యాంకు నంబరులో చివరంకె ఏడా, తొమ్మిదా? బాబాయిగారు అడిగితే చెప్పాలి కదా అని రోజూ మననం చేసుకుంటున్నాను. నిన్న జాకెట్ కొలతలతో కలిసిపోయింది."

పిన్ని చెంగు బిగించి దోపుకుంది. పళ్ళు నూరదామంటే పళ్ళు లేవు. చిగుళ్ళే నూరుకుంటూ లోపలికెళ్ళింది.

"ఏమండీ, మన నంబరు ఎంతమందికి చెప్పారు?"

"చెప్పడమేంటే? జాగ్రత్త చేశాను."

"ఎక్కడ? ఊరందరి నోట్లోనా?"

"నమ్మకమైనవాళ్ళే. బయటివాళ్ళా ఏంటి?"

"నా పళ్ళు నా నోట్లోకి రాకముందే వీధి వీధంతా నములుతోందన్నమాట!"

ఆ మధ్యాహ్నం బాబాయి అన్నం తిని కునుకు తీస్తుంటే పిన్ని ఫోన్ చెంగులో చుట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది. బ్యాంకు అమ్మాయి చూపించినట్టే పాత నంబరు తీసేసి, చెయ్యి అడ్డం పెట్టుకుని కొత్తది తనే కొట్టింది. ఆ అమ్మాయికి కూడా కనపడనివ్వలేదు. మొగుడికి చెప్పిందా? చెప్పలేదు. ఆయనకి ఒక్కడికి చెప్పడమంటే దండోరా వేయించినట్టే కదా. విచిత్రం ఏంటంటే, బాబాయికి నంబరు మారిన సంగతే తెలియలేదు. రోజూ జనం డబ్బు పంపుతూనే ఉన్నారు, టంగుమని పడుతూనే ఉంది. డబ్బు వచ్చేటప్పుడు ఆ ఫోన్ ఏ నంబరూ అడగదాయె. ఆ సంగతి మా బాబాయి కళ్ళ ముందే ఉంది గానీ, కళ్ళలోకి వెళ్ళలేదు.

శుక్రవారం మధ్యాహ్నం. బాబాయి ఒకాయన సూట్‌కేసు తాళం విప్పి కూర్చున్నాడు. ఆ సూట్‌కేసాయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తున్నాడు. ఫోన్ మోగింది. చేతులకి నూనె ఉందని బాబాయి అందరికీ వినపడేట్టు పెట్టాడు. అవతల గొంతు తేనె పూసినట్టుంది.

"సార్, తాళాలు చేసేది మీరేనా?"

"నేనే. ఏ తలుపు?"

"ఒకటి కాదు సార్. మేం కొత్త లాడ్జి కడుతున్నాం. వంద గదులు. వంద తాళాలు కావాలి. అడ్వాన్సు ఇప్పుడే పంపిస్తాను."

బాబాయి చేతిలోని స్క్రూడ్రైవరు జారి పడింది. "వంద తాళాలంటే రెండొందల చెవులు" అన్నాడు.

"రెండొందలెందుకు సార్?"

"ఎందుకేంటయ్యా? ఒకటి పోతే తువ్వాలు కట్టుకుని నిలబడతారా నీ లాడ్జిలో?"

"సరే సార్, రెండొందలు చెయ్యండి."

"తలుపులు లోపలికి తెరుచుకుంటాయా, బయటికా?"

"సగం లోపలికి, సగం బయటికి సార్."

"అదేం లాడ్జి! వరండాలో నడిచేవాళ్ళ ముక్కులు పచ్చడైపోవూ?"

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం సార్. ఇప్పుడు మీ ఫోన్‌కి ఒకటి వస్తుంది. దాని మీద నొక్కి మీ నాలుగంకెలు కొట్టండి. డబ్బు మీ ఖాతాలోకి వచ్చి పడుతుంది."

ఇంకెవరైనా అయితే ఇక్కడ తల గోక్కునేవాళ్ళు. నాకు డబ్బు రావడానికి నా నంబరెందుకు అని ఒక్క క్షణం ఆలోచించేవాళ్ళు. బాబాయి మాత్రం గోక్కోలేదు. ఆయన లెక్క ఆయనకుంది. కుడికి తిప్పితే పడుతుంది, ఎడమకి తిప్పితే తెరుచుకుంటుంది, రెంటికీ చెవి ఒకటే. పోవడానికి ఏ చెవో రావడానికీ అదే చెవి. యాభై ఏళ్ళ పనితనం ఆయన్ని తిన్నగా గోతి అంచుకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

నొక్కాడు. నంబరు కొట్టాడు. నంబరు తప్పు అంది ఫోన్.

బాబాయి నోరెళ్ళబెట్టాడు. ఆయన చేతిలో తెరుచుకోనిది ఇంతవరకూ లేదు. ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు, లోపల ఏమన్నా వదులైందేమోనని. నూనె చుక్క వేద్దామని సీసా కూడా తీశాడు. సూట్‌కేసాయన చెయ్యి పట్టుకుని ఆపాడు గానీ, లేకపోతే వేసేసేవాడే.

"సార్, తొందరగా! అవతల ఇంకో తాళాలాయన లైన్లో ఉన్నాడు" అంది తేనె గొంతు.

"ఉండవయ్యా, నాకు డూప్లికేట్లున్నాయి!"

అక్కణ్ణించే టీ కొట్టాయన్ని కేకేశాడు. ఆయన టీ వడపోస్తూ నాలుగంకెలూ పాటలా పాడి వినిపించాడు. బజారంతా విన్నది. బాబాయి అవే కొట్టాడు. మళ్ళీ తప్పు. ఇంకోసారి తప్పితే ఈ రోజుకి తలుపు మూసేస్తానంది ఫోన్. బాబాయి చెమటలు తుడుచుకుంటూ దర్జీ అమ్మాయిని పిలవబోతే, ఆ తేనె గొంతే ఆపింది.

"ఆగండి సార్, ఆగండి! ఊరికే కొట్టకండి. ఇంట్లో మేడమ్‌గారికి తెలుసేమో అడగండి."

దొంగలకి కూడా అప్పుడప్పుడూ చెడ్డరోజులుంటాయి. లేకపోతే ఎవరైనా మా పిన్నిని పిలవమంటారా?

"ఏమే!" అని కేకేశాడు బాబాయి. "మన నంబరు పనిచెయ్యట్లేదే! వంద గదుల లాడ్జి అట, అడ్వాన్సు పంపుతున్నాడట!"

దుకాణం వెనకే ఉన్న ఇంట్లోంచి పిన్ని వచ్చింది. ఫోన్ లాక్కుంది. ముందు తెర చూసింది. తర్వాత మాట్లాడింది. పళ్ళు లేకపోవడం వల్ల మాటల్లో సగం గాలే, కానీ మిగతా సగం చాలు.

"ఏం బాబూ, డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు?"

"మేమే మీకు మేడమ్."

"మరి నీ నంబరు నువ్వు కొట్టుకోక మధ్యలో మా ఆయన వేలెందుకు నాయనా?"

"పద్ధతి అలా మారింది మేడమ్."

"అలాగా! అయితే నీ లాడ్జి ఎక్కడుందో చెప్పు. మేమే వచ్చి అడ్వాన్సు చేత్తో తీసుకుంటాం. ఆ తలుపులు కూడా చూసినట్టుంటుంది."

టక్కున ఫోన్ పెట్టేశాడు. పిన్ని తిరిగి చేస్తే మోగనే లేదు.

అప్పుడు పిన్ని ఫోన్ తెర బాబాయి ముఖానికి దగ్గరగా పెట్టింది. "కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి."

బాబాయి చదివాడు. 'చెల్లించు' అని ఉంది. దాని పైన ఉన్న అంకె పిన్ని పళ్ళ డబ్బు కంటే రవ్వంత ఎక్కువే. బాబాయి అలాగే పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"తాళం తీసినా వేసినా ఒకే చెవి కదే..." అన్నాడు నెమ్మదిగా.

పిన్ని తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"మీరు ఊరందరి ఉత్తరాల డబ్బాలూ బాగుచేశారు కదండీ. డబ్బాలో ఉత్తరం వెయ్యడానికి వచ్చినవాడికి చెవి కావాలా?"

"అక్కర్లేదు. పైన చీలికలోంచి వేసి పోతాడు."

"మరి చెవి ఎప్పుడు కావాలి?"

బాబాయి తల మెల్లగా పైకి లేచింది. "తియ్యడానికి" అన్నాడు. "తియ్యడానికే!" అని నుదురు టపటపా కొట్టుకున్నాడు. "రోజూ జనం వేసి పోతూనే ఉన్నారే. ఒక్కనాడన్నా నంబరడిగిందా ఈ ముదనష్టపు ఫోను?"

"అడగలేదు కాబట్టే నేను మార్చిన సంగతి మీకు తెలియలేదు."

"మార్చావా? నాకు చెప్పకుండానా?"

"చెప్పుంటే ఈపాటికి టీ కొట్టాయన దానికీ పాట కట్టేవాడు."

పిన్ని వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసింది. నంబరు ఎక్కడెక్కడో వెతకలేదు, బ్యాంకు కార్డు వెనకాల అచ్చేసిన నంబరుకే చేసింది. జరిగింది చెప్పింది, ఆ తేనె గొంతువాడి ఫోన్ నంబరు రాయించింది. ఖాతాలో డబ్బు ఎక్కడిదక్కడే ఉందని వాళ్ళు చెప్పాకే లేచి మంచినీళ్ళు తాగింది.

శనివారం పళ్ళ డాక్టరు దగ్గర పిన్ని బాబాయికి వీపు తిప్పి, చెంగు కప్పుకుని నంబరు కొట్టి డబ్బు కట్టింది. బాబాయి వెనకాల ఊరుకోలేకపోతున్నాడు.

"నువ్వు మర్చిపోతేనో? ఒక్క డూప్లికేటు, నాకొక్కడికే..."

"మర్చిపోతే కొత్తది పెట్టుకోవచ్చని బ్యాంకు అమ్మాయి చెప్పింది. మీరు అటు తిరగండి."

పళ్ళు పెట్టుకుని వీధిలోకొచ్చింది పిన్ని. బాబాయి స్వయంగా ఆపిల్ కొనిచ్చాడు. జనమంతా గుమ్మాల్లోకొచ్చారు. పిన్ని కొరికింది. అబ్బ, ఏం చప్పుడది! ఎదురింటివాళ్ళకి వినపడటం కాదు, ఎదురింటి కిటికీ అద్దం పగిలింది. చెట్టు మీది కాకులు ఎగిరిపోయి ఇప్పటికీ తిరిగి రాలేదు. దర్జీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. బాబాయి కళ్ళు తుడుచుకుంటూ నూనె పడిందన్నాడు.

అందరూ నవ్వుతున్నారు. సూట్‌కేసు తీసుకెళ్ళడానికొచ్చిన ఆ పెద్దమనిషి ఒక్కడే దిగులుగా నిలబడ్డాడు. ఏమైందయ్యా అని అడిగాను. నిట్టూర్చి అన్నాడు:

"ఏం లేదండీ. పాపం ఆ లాడ్జి ఆయన గురించే ఆలోచిస్తున్నాను. వంద గదులు, ఒక్కదానికీ తాళం లేదు. రాత్రి ఎలా పడుకున్నాడో ఏమో! అసలే దొంగలు ఎక్కువైపోయిన రోజులు."