వెచ్చగా ఉంచిన ఇల్లు

ఆ ఇంట్లో తెల్లారగానే అత్తగారు చేసే మొదటి పని మొహం కడుక్కోవడం కాదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, గోడలో బిగించిన కరెంటు ఓవెన్ తలుపు మీద అరచెయ్యి ఆనిస్తారు. పసివాడికి జ్వరం తగ్గిందా లేదా అని చూసినట్టు చూస్తారు. వెచ్చగా ఉంటే అప్పుడు స్థిమితపడి పళ్ళు తోముకోవడానికి వెళతారు. ఓవెన్‌లో ఏమీ ఉండదు. దాని మీట మాత్రం వండినది చల్లారకుండా వెచ్చగా ఉంచే గుర్తు మీద ఏళ్ళ తరబడి అలాగే ఉంది.

ఆ ఓవెన్ ఏ గుర్తు మీద ఉంటే ఇల్లంతా ఆ తీరున ఉంటుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. కొందరిళ్ళలో కుళాయి కారుతుంది, కొందరిళ్ళలో తలుపు కిర్రుమంటుంది, వీళ్ళింట్లో ఇది. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

అల్లుడు అదే వీధిలోని బేకరీలో పనిచేస్తాడు. ఇల్లరికం వచ్చిన కొత్తలో అత్తవారిని మెప్పిద్దామని ఒక ఆదివారం రెండు పళ్ళేల బిస్కెట్లు పెట్టి, మీట ఫ్యాన్ వేడి మీదికి తిప్పాడు. ఫ్యాన్ ఉంటే వేడి మూలమూలకీ తిరుగుతుంది కాబట్టి రెండు అరలూ సమానంగా కాలతాయి, వేడి ఒక ఇరవై డిగ్రీలు తగ్గించుకోవాలి. అదంతా అతనికి కొట్టినపిండే. ఇంటి సంగతే తెలీదు. ముందు గదిలో మామగారు పక్కింటాయన చెవిలో, "మా అల్లుడికి పని తక్కువ, తిండి ఎక్కువ" అన్న మాట ఇల్లంతా సమానంగా తిరిగి, స్నానాలగదిలో సబ్బు రుద్దుకుంటున్న అల్లుడి దాకా చక్కగా వచ్చింది. బిస్కెట్లు బ్రహ్మాండంగా కుదిరాయి. మామగారు మాత్రం రెండు రోజులు అతని మొహం చూడలేదు.

తర్వాత ఇంకోసారి కేకు కోసం పైనా కిందా వేడి పెట్టాడు. ఫ్యాన్ తిరగదు, గాలి కదలదు, పిండి నిదానంగా పొంగుతుంది. ఆ పూట ఇల్లు కూడా నిదానంగా, నిండుగా ఉంది. మామగారు అతన్ని మొదటిసారి "బాబూ" అని పిలిచారు. ఇది బాగుందే అని అల్లుడు అనుకునేలోపు అత్తగారు వచ్చి, కేకు తీశారుగా అని మీట మళ్ళీ వెచ్చదనం మీదికి తిప్పేశారు.

ఆ వెచ్చదనంలో కొట్లాటలు లేవు, ఏడుపులు లేవు. తొందర అసలే లేదు. ఏ పని మొదలెట్టినా నడుము వాలిపోయి, చూద్దాంలే అనిపించేది. చెప్పులు తెగితే కొత్తవి కొనడానికి అల్లుడికి ఒక వానాకాలం పట్టింది. వండినది ఒక గంట నిలబెట్టడానికి ఉన్న వేడి అది. అంతకుమించి ఉంచితే అంచుల నుంచి ఎండుకొస్తుంది. వాళ్ళ మాటలు కూడా అలాగే ఎండిపోయాయి. తిన్నావా, తిన్నాను. పడుకో, పడుకుంటా.

దూరాన ఇంకో ఊళ్ళో ఉన్న పెద్ద బేకరీ నుంచి అతనికి పిలుపు వచ్చింది. ఓవెన్ల పనంతా అతనికి, కేకుల మీద పువ్వులు దిద్దే పని అతని భార్యకి. ఆ పిల్ల చేతిలో అంత నేర్పు ఉంది మరి. పైన ఒక గది కూడా ఇస్తామన్నారు. రెండుసార్లు గడువు దాటిపోయాక ఆ యజమాని ఫోన్‌లో మొహమాటం లేకుండా, సోమవారం పొద్దున మీరు లేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటానని తేల్చేశాడు.

ఆ రెండుసార్లూ సంచులు సర్దుకుని బయల్దేరినప్పుడు వాళ్ళని ఎవరూ ఆపలేదు. అదే అల్లుడి బాధ. ఎవరైనా అడ్డుపడితే గట్టిగా మాట్లాడొచ్చు. అత్తగారు గుమ్మం దాకా వచ్చి "క్షేమంగా వెళ్ళి రండి" అనేవారు. వీధి మలుపు దగ్గరికి వెళ్ళేసరికి అతని భార్య వణికిపోయేది. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంటి వెచ్చదనానికి అలవాటు పడిన ఒళ్ళు. మిట్ట మధ్యాహ్నం ఎండలో పళ్ళు టకటకలాడి, పెదాలు నీలం తిరిగేవి. భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేవాడు. ఇంట్లోకి రాగానే ఆమె బుగ్గలకి రంగు వచ్చేది.

ఒకసారి కోపం పట్టలేక అతను ఓవెన్ కట్టేశాడు కూడా. అత్తగారు మంచం పట్టారు. చేతులు మంచుముక్కల్లా అయిపోయాయి. చివరికి అతని భార్యే ఏడుస్తూ వెళ్ళి మీట తిప్పింది.

కానీ ఈమధ్య బేకరీలో, భట్టీ పక్కన నిలబడి ఉండగా, అతనికీ పళ్ళు టకటకలాడాయి. ఇంకొన్నాళ్ళు పోతే తను కూడా ఆ మలుపు దాటలేడని అర్థమైంది. ఆ భయం భార్యకి చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం బస్సు. ఆ పొద్దున వీధిలోని బేకరీ యజమాని వీడ్కోలుగా పెద్ద క్రీము కేకు ఇచ్చాడు. ఫ్రీజర్‌లోంచి తీసింది, రాయిలా ఉంది. అల్లుడు దాన్ని వంటింట్లో పెట్టగానే అత్తగారు ఓవెన్ తలుపు తెరిచారు.

"ఎలాగూ వెచ్చగానే ఉందిగా, లోపల పెట్టండి."

"వద్దండీ. ఈ వేడికి పైన క్రీమంతా కారిపోతుంది, లోపల రాయి రాయిలాగే ఉంటుంది. దీనికి ఉత్త ఫ్యాన్ పెట్టాలి."

"ఉత్త ఫ్యానంటే?"

"మంచుపువ్వు బొమ్మ ఉంది చూడండి, అది. వేడి ఉండదు, గాలి తిరుగుతుందంతే. బయట ఎలా ఉందో లోపల కూడా మెల్లిగా అలాగే అవుతుంది."

అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ బొమ్మని చాలాసేపు చూశారు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నాకు ఇందులో తెలిసినవి రెండే అల్లుడుగారూ. పైమంట ఒకటి, ఇదొకటి. ఆ రోజు మాంసం పైన ఎర్రగా కాలాలని పైమంట పెట్టి మర్చిపోయాను. తండ్రీ కొడుకుల మధ్య ఏదో చిన్నమాట. చూస్తుండగానే ఇద్దరూ మాడిపోయారు. పెద్దాడు పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అందుకని దీన్ని ఇలా పెట్టాను. ఇందులో ఎవరూ మాడరు కదా అని."

ఆమెకి పెద్ద కొడుకు ఉన్నాడని అల్లుడు వినడమే కానీ, ఆమె నోట ఎప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ ఆమె తమని కట్టిపడేస్తోందనుకున్నాడు. ఆమె మీద పెంచుకున్న కసి అంతా ఒక్కసారిగా సిగ్గుగా మారింది.

"మాడరండీ," అన్నాడు మెల్లిగా. "కానీ ఎండిపోతారు."

అత్తగారు మీట వైపు చూశారు. గోడవతల మామగారి గురక వినిపిస్తోంది. అతను మీట మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తే మళ్ళీ మునుపటిలాగే అవుతుందని తెలుసు. కేకు బల్లమీద చెమటలు పడుతోంది.

"నాకు చలేస్తే?" అన్నారు చివరికి.

"ఒక్కసారిగా వెయ్యదండీ. కట్టేస్తే వేరు, ఇది వేరు."

ఆవిడ లేచి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మీట తిప్పారు. లోపల ఫ్యాన్ సన్నగా గుర్రుమంది. అల్లుడు కేకు లోపల పెట్టి తలుపు మూశాడు.

ఇల్లు మెల్లిగా మారింది. మొదట కిటికీ పరదాలు కదిలాయి. తర్వాత వీధిలో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన లోపలికి వచ్చింది. మామగారు గురక ఆపి, లేచి, ఉన్నట్టుండి క్షవరం చేయించుకుని రావాలనిపిస్తోందని బయల్దేరారు. అత్తగారు ముందు శాలువా కప్పుకున్నారు. కాసేపటికి మర్చిపోయి కుర్చీ మీద పడేశారు. కేకు మెత్తబడేసరికి సాయంత్రమైంది. నలుగురూ తిన్నారు. మామగారు నున్నటి గడ్డం తడుముకుంటూ రెండో ముక్క అడిగారు.

వీధి మలుపు దగ్గర అల్లుడు సంచులు కింద పెట్టి భార్య భుజం చుట్టూ చెయ్యి వేశాడు. వణుకు రాలేదు. ఆమె ఇంకో అడుగు వేసింది. మరో అడుగు వేసింది.

"ఏమండీ, నాకు ఉక్కపోస్తోంది," అంది, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

బస్టాపులో నిలబడ్డాక వెనక నుంచి గబగబా అడుగుల చప్పుడు. అత్తగారు. చేతిలో శాలువా.

"పిల్ల చలికి ఆగలేదేమోనని..." ఆయాసంతో మాట పూర్తికాలేదు.

"అమ్మా," అంది కూతురు, "నువ్వు మలుపు దాటి వచ్చావు."

అత్తగారు వెనక్కి తిరిగి చూశారు. తన ఒంటి మీద ఏమీ కప్పుకోలేదని అప్పుడు తెలిసింది. రోడ్డుకి ఆ చివరా ఈ చివరా చూశారు, కొత్త ఊరు చూసినట్టు. ఈలోగా బస్సు వచ్చింది. కూతురు తల్లిని గట్టిగా పట్టుకుని వదిలి, ఎక్కింది. అల్లుడు సంచులు లోపలికి అందించి, తను ఎక్కబోతుంటే అత్తగారు అతని మోచెయ్యి పట్టుకున్నారు.

"అల్లుడుగారూ, పై ఊళ్ళ నుంచి వచ్చే బస్సులు కూడా ఇక్కడే ఆగుతాయా?"

"అన్నీ ఇక్కడే ఆగుతాయండీ."

ఆవిడ తలూపారు. బస్సు కదులుతుంటే అల్లుడు కిటికీలోంచి చూశాడు. అత్తగారు ఇంటి వైపు వెళ్ళలేదు. శాలువా మడతపెట్టి పక్కన పెట్టుకుని, బస్టాపు బెంచీ మీద కూర్చుని, వచ్చే బస్సుల వైపు చూస్తున్నారు.