నలభై ఒక్క పేర్ల లైను

"ఆ ఆడవాళ్ల లైను తీసెయ్ లొరెయిన్, పేజీ అదే సర్దుకుంటుంది" అన్నాడు కెల్విన్, టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటూ.

కెల్విన్ నా భర్త, మా ఊరు పోర్ట్ కార్లీ ఫుట్‌బాల్ క్లబ్బుకి కార్యదర్శి. క్లబ్బు వందేళ్ల పుస్తకం అతనే రాశాడు. దాన్ని పేజీలుగా మార్చడం నా పని. "రాయడం అయిపోయిందిగా, ఇక అమర్చడమేగా" అంటూ ఫైలు ఇచ్చాడు. ఆ 'మేగా' నాకు కొత్త కాదు. ముప్పై నాలుగేళ్లుగా శనివారం మ్యాచికి మాంసం కూరి పాస్టీలు కాల్చడమేగా, బురద జెర్సీలు ఉతకడమేగా. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదమ్మా" అని మొదలుపెట్టేది. ఆ మాట తర్వాత నేను ఖాళీగా ఉన్న రోజు ఒక్కటీ లేదు.

కెల్విన్ టైపు నేర్చుకున్నది వాళ్ల నాన్న పాత మిషన్ మీద. అందుకే ఇప్పటికీ ప్రతి లైను చివరా ఎంటర్ కొడతాడు, స్కోర్లు ఒకదాని కింద ఒకటి రావాలని స్పేసులు కొట్టుకుంటూ పోతాడు. అవన్నీ ఏరడానికి నాకు మూడు వారాలు పట్టింది. తీరా రెండు కాలమ్‌లుగా అమర్చితే, అరవై రెండో పేజీలో ఎడమ కాలమ్‌లోని ఒక లైను హద్దు దాటి కుడి కాలమ్ మీదుగా సాగిపోయింది. అక్షరాలు తగ్గించాను, అంచులు జరిపాను. లాభం లేకపోయింది. చివరికి ఫైలును సగానికి కోసి, తప్పు ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ సగం చేశాను. అలా కోస్తూ పోతే మిగిలింది ఒకే ఒక్క లైను. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది, ఎందుకంటే అందులో నేనూ ఉన్నాను.

కెల్విన్ తీసెయ్యమన్నది ఈ లైనునే: క్లబ్బు క్యాంటీన్ నడిపిన నలభై ఒక్క మంది ఆడవాళ్ల పేర్లు. చోటు కలిసొస్తుందని ఎక్కడా ఖాళీ వదలకుండా అందరినీ గీతలతో కలిపేశాడు. ఖాళీ లేకపోతే పేజీలు అమర్చే ప్రోగ్రాం లైనును ఎక్కడా విరవలేదు. ఖాళీలు పెడితే రెండు నిమిషాల్లో తెమిలిపోయే పని. పెట్టబోయి, చదివి, ఆగాను. మిసెస్ ఆర్. హాకింగ్, మిసెస్ జె. రొడ్డా, మిసెస్ కె. ట్రెలోర్. అన్నీ మొగుళ్ల పేర్లే. ఆ చివరిది నేను. నాకు కోపం వచ్చింది, దానికంటే ఎక్కువగా సిగ్గేసింది. ఇన్నేళ్లు పక్కపక్కన నిలబడి పిండి కలిపినవాళ్లలో సగం మందిని నేనూ ఇలాగే పిలిచాను.

ఎనభై ఆరేళ్ల వాల్డా హాకింగ్‌కి ఫోన్ చేశాను.

"పుస్తకానికి నా పేరు కావాలా? ఇప్పుడు గుర్తొచ్చానా పిల్లా?" అంది.

"ఆలస్యమైంది వాల్డా, తిట్టు."

"తిట్టడానికి ఓపిక లేదు కానీ, వాల్డా ఐరీన్ అని పూర్తిగా వెయ్యి. మా ఆయన సమాధి రాయి మీద నాకోసం జాగా ఉంచారు. అక్కడ 'ఆయన భార్య' అని చెక్కుతారట. పుస్తకంలోనైనా నేను నేనుగా ఉంటాను."

మిగతావాళ్లవి తనే చెప్పింది, తెలియనివాటికి ఎవరిని అడగాలో చెప్పింది. నాలుగు రోజుల్లో నలభై పేర్లు దొరికాయి. ఒక్కో పేరు ఒక్కో లైనులో వేస్తే రెండు కాలమ్‌లు చక్కగా నిండాయి. చోటు కోసం క్లబ్బు అధ్యక్షుల ఫొటోలను చిన్నవి చేశాను.

శుక్రవారం, అచ్చుకి పంపేముందు కెల్విన్ పేజీలు తిప్పాడు. అరవై రెండో పేజీ దగ్గర ఆగాడు. నా పేరు మీద వేలు పెట్టి పైకి చదివాడు. తర్వాత కుడి కాలమ్ మధ్యలో చూపించాడు.

"ఇక్కడ ఒక లైను ఖాళీగా వచ్చింది. మళ్లీ ఏదో తప్పు పడినట్టుంది, చూడు."

"తప్పేం లేదు కెల్విన్. అది మిసెస్ ఎ. పెంగిల్లీ. పందొమ్మిదేళ్లు మనకి టీ పోసింది. ఆవిడ సొంత పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు."

ఆ ఖాళీని అలాగే అచ్చుకి పంపాను.