ప్యాకెట్‌లో రాని కార్డు

మా అబ్బాయి కౌస్తుభ్ మంచు మీద ఆడే హాకీలో గోలీ. అంటే గోల్ ముందు నిలబడి అడ్డుకునేవాడు. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో తెలుగువాళ్ళ పిల్లలందరూ స్పెల్లింగ్ పోటీలకూ కూచిపూడి క్లాసులకూ వెళ్తుంటే, నేను పద్నాలుగేళ్ళు తెల్లవారుజామున వాణ్ణి రింకులనే ఆ మంచు మైదానాలకు తిప్పాను. "మనవాళ్ళకి హాకీ ఏమిటండీ" అని నవ్విన ప్రతి మొహమూ నాకు గుర్తుంది. వాడు పెద్ద లీగుకు వెళ్ళలేదు. కాలేజీలో ఆడి, చివరికి ఓ ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాడు. అప్పటినుంచి నవ్విన వాళ్ళే జాలి పడటం మొదలుపెట్టారు. నవ్వైనా భరించాను కానీ జాలి నా వల్ల కాలేదు.

అయితే పెద్ద లీగులో ఆడే ఇక్కడి టీం దగ్గర ఒక లిస్టు ఉంది. మ్యాచ్ రోజున గోలీకి దెబ్బ తగిలితే పిలవడానికి, బయట ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళ పేర్లు రాసి పెట్టుకుంటారు. అందులో మావాడి పేరుంది. పోయిన మార్చిలో పిలుపొచ్చింది. వీపు మీద మా ఇంటిపేరున్న జెర్సీ తొడుక్కుని, మ్యాచ్ అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. ఆడే అవసరం రాలేదు. టీవీలో నాలుగుసార్లు చూపించారు. నాలుగుసార్లూ నేను లేచి నిలబడ్డాను.

మర్నాడే కార్డుల షాపుకు వెళ్ళాను. ఇక్కడ ఆటగాళ్ళ ఫొటోలతో కార్డులు అచ్చేసి ప్యాకెట్లలో అమ్ముతారు. ఆటగాడి మొదటి ఏడాది కార్డును రూకీ కార్డు అంటారు, దానికి ఉన్న గౌరవం తర్వాత వచ్చే కార్డులకు ఉండదు. మావాడి కార్డు ఎప్పుడొస్తుందని షాపాయన్ని అడిగాను. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. లీగూ ఆటగాళ్ళ సంఘమూ అనుమతి ఇచ్చిన కంపెనీ వేసిందే కార్డు. పెద్ద లీగులో అడుగుపెట్టిన ఏడాదిదై ఉండాలి, కాలేజీ కార్డులు లెక్కలోకి రావు. ఎవరు ప్యాకెట్ కొన్నా అందులో దొరికే అవకాశం ఉండాలి. మరి బెంచీ మీద కూర్చుంటేనో అన్నాను. దాని మీద కార్డులు పోగేసేవాళ్ళు వాదించుకుంటారు గానీ, కంపెనీ అసలు వెయ్యకపోతే ఇక వాదనే లేదన్నాడు.

కంపెనీ వెయ్యలేదు. నేను వేయించాను.

మా ముప్ఫయ్యో పెళ్ళిరోజుకు ఎనభై మందిని పిలిచాం. రిటర్న్ గిఫ్ట్ సంచిలో ఇత్తడి కుంకుమభరిణె, దాని పక్కన కౌస్తుభ్ కార్డు. టీవీలోంచి తీసిన ఫొటో, టీం గుర్తు, మూలన అసలు కార్డుల మీద ఉండే రూకీ ముద్ర. ప్రింటింగ్ షాపువాడు అచ్చు గుద్దినట్టు దించాడు. "వాణ్ణి ఒక్కమాట అడగండి" అంది నా భార్య రాధారాణి. సర్‌ప్రైజ్ అన్నాను.

హాల్లో మా మిత్రుడు రఘు సంచిలోంచి కార్డు తీసి కౌస్తుభ్ చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. వాడు కార్డును చాలాసేపు చూశాడు. "థాంక్స్ అంకుల్, తర్వాత చేస్తా" అని నన్ను వంటవాళ్ళున్న వైపు తీసుకెళ్ళాడు.

"నాన్నా, ఇది ఫేక్. ఎవరైనా చూస్తే నేనే చేసుకున్నా అనుకుంటారు. ప్లీజ్, బ్యాగ్స్‌లోంచి తీసెయ్."

"ఇంతమంది ముందు తీస్తే నా పరువేం కావాలి? మనవాళ్ళే కదరా, ఎవరికి తెలుస్తుంది?"

"నా పేరు నాన్నా అది."

"నాది కూడా" అన్నాను. తియ్యలేదు. వాడు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. నాకు కోపమొచ్చింది. ఇంత చేస్తే ఇదా కృతజ్ఞత అనుకున్నాను. ఆ మాట రాధారాణితో అన్నాను కూడా.

రఘు కూతురు ఇషాకు కార్డుల పిచ్చి. ఇది అసలుదేనా అని కార్డులవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో ఫొటో పెట్టింది. పిల్లది అమాయకంగానే అడిగింది. జవాబులిచ్చినవాళ్ళు అమాయకులు కారు. ఆట ఆడకుండా బెంచీ వేడి చేసినవాడు తనకు తానే పట్టాభిషేకం చేసుకున్నాడని రెండు రోజులు నవ్వుకున్నారు. మూడో రోజుకు ఆ ఫొటో టీం ఆఫీసు దాకా చేరి, వాళ్ళు కౌస్తుభ్‌ని పిలిచి మాట్లాడారు. తమ గుర్తు వాడుకున్నందుకు కేసు పెట్టడం లేదన్నారు. లిస్టులోంచి మాత్రం పేరు కొట్టేశారు.

ఆ సంగతి వాడు మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"నేనొచ్చి మాట్లాడతాను. తప్పు నాదని చెప్తాను" అన్నాను.

"చెప్పాను నాన్నా. మా డాడ్ చేశారు అని చెప్పాను. నమ్మలేదు. ట్వెంటీ ఫైవ్ ఇయర్స్ ఉండి డాడ్ మీద పెడుతున్నావా అన్నారు."

"ఆ రోజు వాళ్ళు నిన్ను ఒక్క నిమిషం ఆడించి ఉంటే ఇదంతా..."

"నేను ఆ రోజు చాలా హ్యాపీగా ఉన్నా నాన్నా" అన్నాడు. వాడి గొంతు పెరగలేదు. "బెంచ్ మీద కూర్చున్నా. నాకు అది చాలు. నీకే చాల్లేదు."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. లోపల్నుంచి రాధారాణి అన్నం తిని వెళ్ళమని పిలిచింది. వాడు ఆమెకు మాత్రం జవాబు చెప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు.