ఎర్మెస్ కాపలా కాసిన మట్టి

మట్టిని పరీక్ష చేయడానికి వచ్చిన పిల్ల తిజియానో కారులోంచి దిగింది. ఎర్మెస్‌కి అంతకంటే ఏం కావాలి? అక్కడికక్కడే అతని మనసులో తీర్పు అయిపోయింది.

తిజియానో ఆ పొలం యజమానురాలు ఆర్జా గారి మేనల్లుడు. ఆమె ఇంటి వెనకున్న నాలుగు హెక్టార్ల పచ్చికని ఎర్మెస్ ముప్పై ఒక్క ఏళ్లుగా కౌలుకి చేస్తున్నాడు. అంతకు ముందు చేసినవాళ్లు కూడా అందులో నాగలి దించలేదు. ఏడాదికి నాలుగు కోతల గడ్డి, ఆ గడ్డికి ముప్పై ఆరు ఆవులు, ఆ పాలతో పర్మా చీజ్. నవంబరులో సాన్ మార్తీనో పండగ నాటికి కౌలు గడువు తీరిపోతుంది. తిజియానోకి అక్కడ టమాటా వేయాలని ఎప్పట్నించో కోరిక. "పేడనీళ్లు పోసి పోసి నేలని చంపేశాడత్తా ఆ ఎర్మెస్. లోతుగా దున్ని పారేస్తే తప్ప పనికి రాదు" అని అత్త చెవిలో పోరు పెట్టాడు. చచ్చిందో బతికుందో చూసి చెప్పేవాళ్లున్నారట కదా, పిలిపించమంది ఆవిడ. చచ్చిందంటే పొలం తిజియానోకి. బతికుందంటే మరో తొమ్మిదేళ్లు ఎర్మెస్‌కే.

పచ్చిక పోతే ఆవులు పోతాయి. ఆవులు పోతే, అరవై రెండేళ్ల ఎర్మెస్ తెల్లవారుజామున లేచి ఏం చేయాలో అతనికే తెలియదు.

"తిజియానో మీకు చుట్టమా?" అని అడిగాడు ఆ పిల్లని. ఆమె పేరు నొయేమి. యూనివర్సిటీలో పని.

"కాదండీ. స్టేషన్ నుంచి తీసుకొచ్చారు. మా వ్యాన్ రిపేర్లో ఉంది."

"ఓహో. రిపేర్లోనా. సరిగ్గా ఇవాళే."

నొయేమి నవ్వేసి, నాలుగు పలకల ఇనప చట్రాన్ని గడ్డిలో దిగ్గొట్టి, జానెడు లోతు కూడా లేని మట్టిగడ్డని ఒడుపుగా పైకి తీసింది. మొత్తం మూడు చోట్ల తీసి, ఒక్కోదాన్నీ ఒక్కో సంచిలో పెట్టింది. ఎర్మెస్ ఒళ్లంతా కళ్లు చేసుకుని వెనకాలే తిరిగాడు.

"దీన్ని జల్లెడ మీద పెట్టి పైన బల్బు వెలిగిస్తామండీ. వేడికి తట్టుకోలేక మట్టిలో ఉన్న చిన్న చిన్న ప్రాణులన్నీ కిందికి దిగుతాయి. అక్కడ సీసాలో పడతాయి. ఎన్ని రకాలున్నాయో చూసి మార్కులేస్తాం. కళ్లు లేకుండా, రెక్కలు లేకుండా, తెల్లగా పాలిపోయి ఉంటాయే, వాటికి ఎక్కువ మార్కులు. అవి మట్టిని వదిలి ఎక్కడికీ పోలేవు. మట్టి బాగుంటేనే బతుకుతాయి."

"అంటే కళ్లు లేనిదాన్ని పట్టుకొచ్చి నా మీద సాక్ష్యం చెప్పిస్తారన్నమాట."

"మీ మీదో, మీ తరఫునో" అంది నొయేమి.

మూడు సంచులూ తిజియానో కారు డిక్కీ వైపు వెళ్తుంటే ఎర్మెస్ అడ్డంగా నిలబడ్డాడు. అందులో పెట్టడానికి వీల్లేదన్నాడు. రేపు తనే స్వయంగా పర్మాలో ల్యాబుకి తెచ్చిస్తానన్నాడు.

"ఏం పెద్దాయనా, నీ పురుగుల్ని వేయించుకు తింటాననుకున్నావా?" అన్నాడు తిజియానో.

నొయేమికి ఇంకో ఊళ్లో పనుంది. వాదించే ఓపిక లేక సరేనంది. "చల్లటి చోట పెట్టండి. నలపొద్దు. సంచి మూతి కొంచెం తెరిచి ఉంచండి. రేపు ఎనిమిదింటికల్లా రండి."

ఎర్మెస్ ప్రతి మాటా విన్నాడు. విని, ఇంటికొచ్చేలోపు ప్రతి మాటనీ విప్పి చూసుకున్నాడు. చల్లటి చోటంటే ఇంటి కింది సెల్లారు. సెల్లారుకి తాళం లేదు. చిన్నప్పుడు అందులో దూరి, వేలాడదీసిన సలామీ మాంసం ఎత్తుకుపోయినవాడు ఈ తిజియానోనే. మూతి తెరిచి ఉంచమంది. ఎందుకట? ఎవరైనా వచ్చి లోపల ఏమైనా పోసి పోవడానికి కాకపోతే? ఆహా, ఎంత చక్కగా అల్లుకొచ్చారు! ఎర్మెస్‌కి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. సంచుల మూతులు బిగించి, టేపు చుట్టి, టేపు మీద అడ్డంగా సంతకాలు పెట్టాడు. మూడింటినీ తన పాండా కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని, కొట్టం నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

జూన్ నెల, అక్కడ ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం భార్య ఇవోన్ వాకిట్లోకొచ్చి అరిచింది. "టోర్టెల్లి చల్లారిపోతున్నాయి, వస్తావా రావా?"

"ఇక్కడికే పట్రా."

"ఖాళీ కారుకి కాపలా ఏంటయ్యా?"

"ఖాళీ అని నీకెవరు చెప్పారు?"

ఇవోన్ పళ్లెం అతని ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. పొద్దు తిరిగింది, నీడ జరిగింది, ఎర్మెస్ కుర్చీ కూడా నీడతో పాటే జరుపుకున్నాడు. కారు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పొద్దు వాలేదాకా దాని రేకు మీద చెయ్యి పెడితే కాలేట్టుంది. ఆ సాయంత్రం దాకా ఎర్మెస్ రెప్ప వాల్చలేదు. ఆ ఎండ లోపలున్న మట్టినేం చేస్తుందో అతని మెదడుకి ఒక్కసారి కూడా తట్టలేదు.

మర్నాడు ల్యాబులో నొయేమి సంచుల్ని చేత్తో పట్టుకుని చూసి, "లోపల ఇంత చెమట పట్టిందేమిటి?" అంది. మట్టన్నాక తడి ఉండదా అన్నాడు ఎర్మెస్. టేపు చెక్కుచెదరలేదని ఆమె చేత కాగితం మీద రాయించుకుని మరీ వచ్చాడు.

పది రోజులకి ఆర్జా గారి వంటింట్లో నలుగురూ కూర్చున్నారు. నొయేమి మొహం పాలిపోయి ఉంది.

"ఏమీ దిగలేదండీ. మూడు జల్లెళ్లలోనూ. ఉత్త సీసాలు."

"చెప్పానా అత్తా? శవం" అన్నాడు తిజియానో.

ఎర్మెస్ బల్ల మీద గుద్దాడు. "మార్చేసింది! ఆ మట్టి నాది కాదు. ఈ పిల్లా వీడూ కలిసే వచ్చారు ఆ రోజు, ఒకే కారులో!"

నొయేమి తన బ్యాగులోంచి ఆ రోజు కాగితం నకలు తీసి ముందు పెట్టింది. టేపు చెక్కుచెదరలేదు. ఆమె సంతకం, కింద ఎర్మెస్ సంతకం. అతను రాయించుకున్నదే.

"ఇలా ఉండటానికి వీల్లేదు" అంది ఆమె ఆర్జా గారి వైపు తిరిగి. "రోడ్డు పక్క మట్టిలో కూడా ఏవో కొన్ని ఉంటాయి. అందుకే మిగిలిన మట్టిని నీళ్లలో కడిగి చూశాను. ఉన్నాయండీ. బోలెడున్నాయి. అన్నీ చచ్చి ఉన్నాయి. బతికుంటేనే కిందికి నడిచొస్తాయి, చచ్చినవాటిని లెక్కలోకి తీసుకోకూడదు. ఎర్మెస్ గారూ, సంచుల్ని ఆ రోజు ఎక్కడ పెట్టారు?"

ఎండలో కారు రేకు, నీడలో తన కుర్చీ ఎర్మెస్ కళ్ల ముందు ఆడాయి.

"ఎక్కడ పెట్టావ్?" అంది ఆర్జా గారు.

"కారు డిక్కీలో, సిన్యోరా. తాళం వేసి."

తిజియానో పగలబడి నవ్వాడు. "వేయించుకు తిన్నది నువ్వా పెద్దాయనా!"

"నువ్వు నోర్ముయ్యి" అంది ఆవిడ. అతను మూసుకున్నాడు. ఎనభై నాలుగేళ్ల ఆర్జా గారు ఎర్మెస్ వైపు తిరిగింది. "ముప్పై ఒక్క ఏళ్లలో నీ గట్టు దాకా వచ్చి ఏం చేస్తున్నావని ఒక్కసారి అడిగానా? ఈ పరీక్ష ఎవరి కోసం అనుకున్నావ్? వీడి నోటికి తాళం వేయడానికి పిలిపించాను ఈ అమ్మాయిని. ఆ తాళం పట్టుకెళ్లి నువ్వు పురుగులకేశావ్. నేను కూడా వీళ్లతో కలిశాననే కదా?"

కాదని అనాలనుకున్నాడు ఎర్మెస్. కానీ ఆవిడనీ అనుమానించాడు. ఆ మాట అతని మొహమే చెప్పేసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మళ్లీ తవ్వొచ్చంది నొయేమి, కానీ ఎండలు ముదిరాక ప్రాణులన్నీ లోతుకి పోతాయట, వాన పడేదాకా ఆగాలట. సెప్టెంబరులో చుక్క రాలలేదు. అక్టోబరు మూడో వారంలో పడింది. ఆర్జా గారు కబురు పెట్టింది, షరతుతో పాటు. తిజియానో తవ్వుతాడు, నొయేమి సంచులు పడుతుంది, ఎర్మెస్ వంటింట్లో ఆవిడ ఎదురుగా, కిటికీకి వీపు పెట్టి కూర్చోవాలి.

ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆవిడ చిక్కుళ్లు వలుస్తోంది.

"ఆవు అరిచినట్టుంది" అంటూ లేచాడు.

"నీ ఆవులు రెండు కిలోమీటర్ల అవతలున్నాయి. కూర్చో."

కూర్చున్నాడు. బయట తిజియానో గొంతు, పార చప్పుడు. పచ్చికలో పడమటి గట్టు పక్కన ట్రాక్టరు తిరిగి తిరిగి రాయిలా గట్టిపడిన చోటొకటుంది. అక్కడ తవ్వితే ఏమీ దొరకదు. ఆ సంగతి తిజియానోకి తెలుసు. ఎర్మెస్ చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. లేవలేదు. అది అతను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైన పని.

నవంబరు ఆరున తిజియానోయే ల్యాబు కాగితం తెచ్చి ఆర్జా గారి వంటింటి బల్ల మీద పడేశాడు. "నూట డెబ్బై ఆరు మార్కులు. చాలా మంచి నేలట. కళ్లు లేనివి దండిగా ఉన్నాయట. సంతోషమేనా?"

ఎర్మెస్ కిటికీలోంచి పడమటి గట్టు వైపు చూశాడు.

"ఆ గట్టు పక్క చోటు నాకు తెలుసు పెద్దాయనా. మూడూ నడిమధ్యనే తవ్వాను. నాకు పొలం కావాలి. కానీ దొంగతనంగా కాదు."

ఎర్మెస్ కాగితం అందుకున్నాడు. అందుకుని, అలవాటు కొద్దీ, కిటికీ వెలుతురుకి ఎత్తి ముద్ర సరైనదో కాదో చూశాడు. అరక్షణమే. ఆర్జా గారు చూడనే చూసింది.

ఆవిడ సొరుగులోంచి కౌలు పత్రం తీసి, గడువు రాయాల్సిన ఖాళీలో ఏదో రాసి ముందుకు తోసింది. "మూడేళ్లు. నేల మంచిదని తేలింది కాబట్టి మూడేళ్లు ఇస్తున్నాను. తొమ్మిదేళ్లు ఇవ్వాలంటే మనిషిని కూడా చూడాలి నేను. చదువుకుని సంతకం పెట్టు."

"చదవక్కర్లేదు సిన్యోరా."

"చదువుకోమన్నానా."

"అక్కర్లేదు" అన్నాడు. జీవితంలో మొదటిసారి చదవకుండా సంతకం పెట్టాడు. ఆవిడ మొహం మాత్రం మెత్తబడలేదు. తన ప్రతి తాను తీసుకుని లేచి పోయింది.

ఎర్మెస్ తన ప్రతిని కారులో పక్క సీటు మీద పెట్టుకున్నాడు. ఇంటిదాకా దాని వైపు చూడలేదు. ఇంటి మలుపులో, ఇవోన్‌కి కనబడని చోట, కారు ఆపాడు. కాగితం తీసి, అద్దాలు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. వెనక్కి తిప్పి అటువైపు కూడా చూశాడు. అందులో మోసం ఏమీ లేదు. ఎర్మెస్‌కి ఏడుపొచ్చింది.